గేదె గొడ్డుపోలేదు, గడియ తప్పింది

సూది వేయించిన తర్వాత పశువు కడుపులో జరిగేదేమిటి?

"మూడుసార్లు సూది వేయించాం. కట్టలేదు. ఇక ఇది గొడ్డే." పాడి ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ మాట వినబడుతూనే ఉంటుంది. ఆ మాట అనుకున్న కొద్ది రోజులకే గేదెను సంతకు తోలుతారు. పాలివ్వని, చూడి లేని గేదెను పాడి కోసం కొనేవారుండరు. దాని తోవ కబేళాకే. అప్పు చేసి కొన్న గేదె సగం ధరకు కూడా పోక, ఆ ఇంటికి మిగిలేది అప్పొక్కటే.

ఇలా గొడ్డు కింద జమకట్టిన పశువులన్నీ నిజంగా గొడ్డువి కావు. కొన్నిటికి గర్భసంచిలో జబ్బు ఉండవచ్చు. కొన్నిటికి మేత చాలక, ఖనిజ లవణాలు అందక అండం సరిగా తయారు కాకపోవచ్చు. కాని వీటిలో చాలా పశువులకు ఏ జబ్బూ ఉండదు. సూది వేసిన వేళ సరికాదు, అంతే. అయితే మరీ తొందరపడి వేయించి ఉంటారు, లేకపోతే మరీ ఆలస్యం చేసి ఉంటారు.

వేళకు ఇంత పట్టింపు ఎందుకు? సూది వేసిన చోట చూలు కట్టదు. అక్కడి నుంచి వీర్యకణాలు లోపలికి దూరం వెళ్లాలి, దారిలో ఒకచోట ఆగాలి, అండం దిగేవరకు ప్రాణంతో కాచుకుని ఉండాలి. ఈ ప్రయాణం సంగతి రైతుకు తెలిస్తే ఏ వేళకు పశువును కేంద్రానికి తోలుకుపోవాలో ఇంకొకరు చెప్పనక్కర లేదు.

ఇరవై ఒక్క రోజుల లెక్క

ఆవుగాని గేదెగాని చూడి కట్టకపోతే సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. కొన్నిటిలో 18 రోజులకే రావచ్చు, కొన్నిటిలో 24 రోజులు పట్టవచ్చు. ఒక ఎద తప్పిపోతే మళ్లీ మూడు వారాలు ఆగాల్సిందే. రెండు ఎదలు తప్పితే దాదాపు నెలన్నర గడిచిపోతుంది. మూడు తప్పితే రెండు నెలలు గడిచిపోతాయి.

ఈనిన తర్వాత రోజుకు ఐదు లీటర్లు ఇచ్చే గేదెనే తీసుకుందాం. ఒక్క ఎద తప్పితే ఈత 21 రోజులు వెనక్కి పోతుంది. అంటే 105 లీటర్ల పాలు ఆ మేరకు ఆలస్యమైనట్టే. ఆ 21 రోజులూ గేదె మేత మానదు. గడ్డి, తవుడు, చిట్టు ఖర్చు ఆగదు. పాల డబ్బుతో సరుకుల బాకీ తీర్చుకునే ఇంట్లో ఈ మూడు వారాలు చిన్న విషయం కాదు.

రెండడుగుల దారి

ఎద్దు వీర్యకణం కంటికి ఆనదు. తోకతో కలిపి దాని పొడవు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. పశువు గర్భసంచి మొదటి నుంచి అండం కలిసే చోటు వరకు ఉన్న దారి సుమారు రెండు అడుగులు. కణం పొడవుతో పోలిస్తే ఇది ఎనిమిది వేల రెట్లకు పైగా దూరం. మనిషి ఎత్తుతో లెక్క కడితే పన్నెండు పదమూడు కిలోమీటర్ల నడక అన్నమాట.

ఆ దారిలో మొదట వచ్చేది యోని. ఎద్దు గాని దున్నపోతు గాని దాటినప్పుడు వీర్యం పడేది ఇక్కడే. దాని తర్వాత గర్భసంచి ముఖద్వారం. తడిమితే గట్టిగా, కోడి మెడలాగ తగులుతుంది. లోపల మూడు నాలుగు ముడతల కట్లు ఉంటాయి. దాన్ని దాటితే గర్భసంచి. అది పొట్టేలు కొమ్ముల మాదిరి రెండు పాయలుగా చీలి వంపు తిరిగి ఉంటుంది. ఒక్కొక్క కొమ్ము చివర సన్నని గొట్టం మొదలవుతుంది. దీన్ని అండవాహిక అంటారు. దాని చివర అండాశయం. అక్కడి నుంచి దిగిన అండం, కింది నుంచి ఎక్కి వచ్చిన వీర్యకణం కలిసేది ఈ అండవాహిక పైభాగంలోనే.

ఈ దారి అన్ని రోజులూ తెరిచి ఉండదు. మామూలు రోజుల్లో ముఖద్వారాన్ని చిక్కటి జిగురు మూసి ఉంచుతుంది. ఎద వచ్చినప్పుడు మాత్రమే ఆ జిగురు పలచబడి తీగలుగా జారుతుంది. రైతులు "తీగలు వేసింది" అనేది దీన్నే. ముఖద్వారం ముడతల అడుగున సన్నని గాళ్లు ఉంటాయి. ఎద సమయంలో ఆ గాళ్లలో జిగురు నీళ్లలా పలచగా ఉంటుంది. మధ్యలో ఉన్న జిగురు మాత్రం బయటికి పారుతూ ఉంటుంది. చురుకైన కణాలు గాళ్లు పట్టుకుని పైకి వెళతాయి. చచ్చినవి, కుంటివి మధ్య పారుదలలో పడి బయటికి కొట్టుకుపోతాయి. వడ్ల నుంచి తాలు తూర్పార పట్టినట్టే ఇక్కడ మంచి కణాలు, తాలు కణాలు వేరవుతాయి.

ఈ దారి చెడితే ఏమవుతుందో తెలియడానికి ఆస్ట్రేలియా గొర్రెల కథ ఒకటి ఉంది. 1940ల్లో ఆ దేశపు పశ్చిమ భాగంలో ఒక రకం క్లోవర్ పచ్చిక మేసిన మందల్లో చూడి కట్టే గొర్రెలు బాగా తగ్గిపోయాయి. పొట్టేళ్లలో లోపం లేదు. ఆ పచ్చికలో ఆడ హార్మోను వంటి పదార్థం ఉందని తర్వాత తేలింది. ఏళ్ల తరబడి దాన్ని మేసిన గొర్రెల్లో ముఖద్వారం జిగురు స్వభావమే మారిపోయింది. వీర్యకణాలు లోపలికి పోయే తోవ, అక్కడ నిలిచే వీలు రెండూ పోయాయి. పైకి ఆరోగ్యంగా కనిపించిన గొర్రెలే గొడ్డువయ్యాయి.

ముందుగా చేరేవి పనికిరానివే

వీర్యకణాలు తమంతట తాము ఈదుకుంటూ పోతాయని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఎద సమయంలో గర్భసంచి కండరాలు అలలు అలలుగా ముడుచుకుంటూ ఉంటాయి. ఆ ముడుపులే కణాలను పైకి తోస్తాయి. అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో 1951లో జరిపిన పరీక్షల్లో వీర్యం పడిన కొద్ది నిమిషాలకే కొన్ని కణాలు అండవాహికలో కనిపించాయి. వింత ఏమిటంటే, చచ్చిన కణాలను వదిలినా అవి కూడా నిమిషాల్లోనే అక్కడికి చేరాయి. అంటే వాటిని మోసుకుపోయింది ఈత కాదు, గర్భసంచి కదలికే.

అలా పరుగున చేరిన కణాల వల్ల చూలు కట్టదు. ఆ తోపులో అవి దెబ్బతింటాయని తర్వాతి పరీక్షలు తేల్చాయి. పనికి వచ్చే కణాలు నెమ్మదిగా వెళతాయి. అవి తగినన్ని అండవాహికకు చేరడానికి ఆవుల్లో ఆరు గంటల నుంచి పన్నెండు గంటల వరకు పడుతుంది. బ్రిటన్‌లో ఆర్.హెచ్.ఎఫ్. హంటర్, ఇయాన్ విల్మట్ అనే శాస్త్రజ్ఞులు 1980ల తొలి భాగంలో పెయ్యల మీద పరిశోధించి ఈ సంగతి వెల్లడి చేశారు. తర్వాత 1996లో డాలీ అనే గొర్రెపిల్లను పుట్టించి ప్రపంచమంతటా పేరు పొందిన బృందానికి నాయకుడు ఈ విల్మట్టే.

దారిలో నష్టం చాలా ఎక్కువ. వేసిన వీర్యంలో సగానికి పైగా కొద్ది గంటల్లోనే తీగలతో కలిసి బయటికి వచ్చేస్తుంది. మరికొన్నిటిని గర్భసంచిలోని తెల్ల రక్తకణాలు పరాయి సూక్ష్మజీవులుగా ఎంచి మింగేస్తాయి. ఇవన్నీ తప్పించుకుని అండవాహిక మొదట్లోకి చేరేవి వేలల్లోనే ఉంటాయి. అండం దగ్గరకు వెళ్లేవి ఇంకా తక్కువ. చివరికి అండంతో కలిసేది ఒక్కటే.

సూది వేయించిన కొంచెంసేపటికి తీగలతో పాటు ఏదో కారడం చూసి "వేసిందంతా పోయింది" అని దిగులు పడే రైతులు ఉన్నారు. కొంత కారడం సహజమే. వీర్యాన్ని సరైన చోట వేసి ఉంటే, వేళ సరైనదైతే, నిలవవలసినవి లోపల నిలుస్తాయి.

ఆగే చోటు

గర్భసంచి కొమ్ము ముగిసి అండవాహిక మొదలయ్యే చోటు చాలా ఇరుకు. దాన్ని దాటిన వెంటనే ఉన్న అంగుళం లోపు గొట్టంలో వీర్యకణాలు ఆగిపోతాయి. ఆ గోడల కణాల మీద ఒక రకం చక్కెర పదార్థం ఉంటుంది. వీర్యకణం తల మీద ఉండే మాంసకృత్తులు దాన్ని పట్టుకుంటాయి. దూడ పొదుగుకు మూతి ఆనించినట్టు కణాలు తలలు గోడకు ఆనించి నిలబడతాయి.

ఈ ఆగడంలో గొప్ప ఉపయోగం ఉంది. గోడను పట్టుకున్న కణం తన శక్తిని పొదుపు చేసుకుంటుంది, ఎక్కువసేపు బతుకుతుంది. తెల్ల రక్తకణాల బెడద కూడా అక్కడ ఉండదు. విడిగా తిరిగే కణం త్వరగా అలిసి చచ్చిపోతుంది. పెయ్యల్లో కణాలు ఇలా ఈ మొదటి భాగంలో పద్దెనిమిది, ఇరవై గంటల వరకు కాచుకుని ఉండడాన్ని హంటర్, విల్మట్ గమనించారు.

అప్పుడే పడిన వీర్యకణానికి అండాన్ని ఛేదించే శక్తి ఉండదు. ఆడపశువు లోపల కొన్ని గంటలు గడిపితేనే దానికి ఆ యోగ్యత వస్తుంది. అమెరికాలో ఎం.సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్ 1951లో ఎవరికి వారే ఈ విషయం కనిపెట్టారు. పాలల్లో తోడు వేయగానే పెరుగు కాదు కదా. ఇదీ అంతే.

అండం విడుదలయ్యే వేళ దగ్గర పడగానే పరిస్థితి మారుతుంది. కణాలు గోడ పట్టు వదలడం మొదలుపెడతాయి. వాటి తోకలు కొరడాలా బలంగా కొట్టుకుంటాయి. అన్నీ ఒక్కసారి కాక కొన్ని కొన్నిగా పైకి సాగుతాయి. చెరువు నిండా నీరు నిలిపి, పైరుకు అవసరమైనప్పుడు తూము కొంచెం కొంచెంగా ఎత్తినట్టు ప్రకృతి ఈ ఏర్పాటు చేసింది. అయితే చెరువు ముందే నిండి ఉండాలి. పైరు ఎండిన తర్వాత నీరు వస్తే ప్రయోజనం ఉండదు.

అండం ఆయుష్షు పూట కన్నా తక్కువ

ఆవు ఎదలో ఉండేది సుమారు 12 నుంచి 18 గంటలు. మన నాటు ఆవుల్లో ఇంకా తక్కువ ఉండవచ్చు. అండం ఎదలో ఉండగా విడుదల కాదు. ఎద లక్షణాలు అణిగిపోయిన తర్వాత పది పన్నెండు గంటలకు విడుదలవుతుంది. ఎద మొదలైనప్పటి నుంచి లెక్క వేస్తే ఇది 24 నుంచి 30 గంటల మధ్య పడుతుంది. విడుదలైన అండం గట్టిగా పనికి వచ్చేది ఆరు గంటల నుంచి పన్నెండు గంటలలోపే. గడ్డకట్టించి నిలవ చేసిన వీర్యంలోని కణాలు లోపల సుమారు ఒక రోజు నిలుస్తాయి.

ఒక ఆవు సోమవారం తెల్లవారుజామున ఐదు గంటలకు ఎదకు వచ్చిందనుకుందాం. దాని అండం మంగళవారం ఉదయం ఐదు నుంచి పదకొండు లోపల దిగుతుంది.

సోమవారం ఉదయం తొమ్మిదికే సూది వేయిస్తే కణాలు సాయంత్రానికే స్థానానికి చేరతాయి. అండం దిగేది మరునాడు. అప్పటికి దాదాపు ఒక రోజు గడిచి చాలా కణాలు నీరసించి ఉంటాయి.

అదే సోమవారం సాయంత్రం ఐదారు గంటలకు వేయిస్తే అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోగా కణాలు స్థానం పట్టుకుంటాయి. అండం దిగేవేళకు తాజాగా, యోగ్యత పొంది సిద్ధంగా ఉంటాయి.

"నిన్న పని ఉండి కుదరలేదు" అని మంగళవారం ఉదయం పదికి తోలుకుపోతే కణాలు చేరేసరికి సాయంత్రమవుతుంది. అండం ఆయుష్షు అప్పటికి తీరిపోయి ఉంటుంది. వచ్చినవి వచ్చినట్టే వృథా.

అందుకే "ఉదయం ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం ఎద కనిపిస్తే మరునాటి ఉదయం" అనే సూత్రం పుట్టింది. అమెరికాలోని నెబ్రాస్కాలో జి.డబ్ల్యు. ట్రింబర్గర్ అనే శాస్త్రజ్ఞుడు 1940ల్లో ఆవుల అండాశయాలను చేత్తో తడిమి చూస్తూ, ఏ వేళకు వేస్తే ఎన్ని కట్టాయో లెక్క తీసి చెప్పిన మాట ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా పల్లె రైతుకు ఇంతకంటే సులువైన గుర్తు లేదు. ఎద రాత్రి ఎప్పుడో మొదలై తెల్లవారి చూసినట్టు అనుమానం ఉంటే మాత్రం సాయంత్రం దాకా లాగకుండా మధ్యాహ్నానికే తీసుకుపోవడం మంచిది. ఎద ఒక రోజుకు పైగా సాగుతుంటే రెండోసారి సూది వేయించే అవసరాన్ని పశువైద్యుడితో మాట్లాడుకోవాలి.

ఆంబోతుకు, సూదికి తేడా

ఆంబోతు ఊరి మందలో తిరిగే రోజుల్లో ఈ లెక్కలు ఎవరికీ అవసరం లేదు. ఎదకు వచ్చిన ఆవును ఎద్దే పసిగట్టేది. ఎద సాగినంతసేపు పలుమార్లు దాటేది. ఒక్కొక్కసారికి పడే కణాలు వందల కోట్లు. ఎంత పోయినా ఇంకా మిగిలేవి.

సూది సంగతి వేరు. ఒక వీర్య నాళికలో ఉండేది పావు మిల్లీలీటరు. అందులో కణాలు సుమారు రెండు కోట్లు. నాళికను మైనస్ 196 డిగ్రీల చలి గల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. ఆ చలిని, మళ్లీ వేడిని తట్టుకునేసరికి చాలా కణాలు చనిపోతాయి. బతికినవి కూడా తాజా కణాలంత కాలం ఉండవు. ఈ లోటు పూడ్చడానికే వీర్యాన్ని యోనిలో కాక, ముఖద్వారం దాటించి గర్భసంచి మొదట్లో వేస్తారు. ఆడదూడల కోసం వేసే లింగ నిర్ధారిత వీర్యంలో కణాలు ఇంకా చాలా తక్కువ. అందువల్ల దానికి వేళ పట్టింపు మరీ ఎక్కువ.

మన దేశంలో కృత్రిమ గర్భోత్పత్తి కొత్తది కాదు. 1939లో మైసూరు ప్యాలెస్ డైరీలో మొదలైంది. ఈ పద్ధతిలో తొలి గేదె దూడ 1943లో అలహాబాదులో పుట్టింది. మంచి జాతి దున్నపోతు వీర్యం ఒక్క గేదె ఉన్న ఇంటికి కూడా అందుతున్నదంటే ఈ పద్ధతి వల్లనే. కాని ఆంబోతు తన అదను తానే చూసుకునేది. సూది విషయంలో ఆ అదను రైతే చూడాలి.

గేదెల్లో మూగ ఎద

గేదెతో వచ్చే చిక్కు ఆవుతో రాదు. ఆవు ఎదకు వస్తే అరుస్తుంది, ఇతర పశువుల మీదికి ఎగబాకుతుంది. గేదెల్లో చాలావాటికి ఈ ఆర్భాటం ఉండదు. దీన్నే మూగ ఎద అంటారు. వేసవిలో ఇది మరీ ఎక్కువ. ఎండ వేడికి గేదె ఎద లక్షణాలు చూపడమే మానేస్తుంది. చూపినా రాత్రివేళ, తెల్లవారుజామున చల్లపాటులో చూపుతుంది. ఇంటిల్లిపాదీ నిద్రపోయే సమయం అది.

అందుచేత గేదె ఉన్న ఇంట్లో పొద్దు పొడవకముందు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూడాలి. పాలు తగ్గడం లేదా సరిగా చేపకపోవడం, మేత ముట్టకపోవడం, మాటిమాటికీ కొద్ది కొద్దిగా మూత్రం పోయడం, తోక పక్కకు ఎత్తి పెట్టడం, మానం ఉబ్బి లోపల ఎర్రబారడం గుర్తులు. తీగలు పడుకున్నప్పుడు జారి నేల మీద మరకగా కనిపిస్తాయి. అవి కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా ఉండాలి. చీము కలిసినట్టు, పెరుగు విరిగినట్టు ఉంటే గర్భసంచిలో జబ్బు ఉన్నట్టు. అప్పుడు సూది కాదు, వైద్యం కావాలి.

గేదె పాలు పితికే చేతికే దాని గుణం ముందుగా తెలుస్తుంది. పితికేది సాధారణంగా ఇంటి ఆడవాళ్లు. కేంద్రానికి తోలుకుపోయేది మగవాళ్లు. "నిన్న పొద్దుటి నుంచే తేడాగా ఉంది" అని ఇల్లాలు చెప్పిన మాటను ఆ పూటే పట్టించుకుంటే ఎన్నో ఎదలు దక్కుతాయి.

కొన్ని ఆవుల్లో, పెయ్యల్లో ఎద అయిన ఒకటి రెండు రోజులకు మానం నుంచి కొద్దిగా రక్తం కనిపిస్తుంది. అది చూసి కొందరు అప్పుడు సూదికి తోలుకొస్తారు. అప్పటికి ఎద దాటిపోయింది. ఆ రోజు తేదీ రాసుకుని, పద్దెనిమిది రోజుల తర్వాత నుంచి కనిపెట్టి ఉండడమే చేయవలసిన పని.

గొర్రె, పంది, కోడి

వీర్యం నిలవ ఉండే తీరు అన్ని జంతువుల్లోనూ ఒకటి కాదు. గొర్రె ముఖద్వారం మెలికలు తిరిగి ఉంటుంది. గొట్టం దాన్ని దాటడం కష్టం. గడ్డకట్టించిన వీర్యంతో గొర్రెల్లో మామూలు పద్ధతిన ఫలితం తక్కువ రావడానికి కారణం ఇదే. మందలో పొట్టేలును వదలడమే ఇప్పటికీ కాపరులకు అనువు. పందిలో వీర్యం పావు లీటరు దాకా ఉంటుంది, ఎద రెండు మూడు రోజులు సాగుతుంది. అందుకని పందికి రెండుసార్లు వేస్తారు. గుర్రంలో కణాలు ఆరేడు రోజులు కూడా బతికి ఉండగలవు.

అన్నిటినీ మించింది కోడి. పెట్ట అండనాళంలో పెంకు తయారయ్యే భాగానికి కింద, కంటికి కనిపించని సన్నని గొట్టాలు ఉంటాయి. ఒకసారి పుంజు దాటితే వీర్యకణాలు ఈ గొట్టాల్లో దాగి, రోజూ కొన్ని బయటికి వచ్చి గుడ్లను పిల్ల గుడ్లుగా చేస్తుంటాయి. పుంజును తీసేసిన తర్వాత కూడా రెండు మూడు వారాల వరకు పెట్ట పిల్ల గుడ్లు పెట్టగలగడానికి కారణం ఇదే. టర్కీ కోడిలో ఈ నిలవ పది వారాల దాకా సాగుతుంది.

జాతి పుంజుల కోసం వేలకు వేలు పోసేవారు గమనించవలసింది ఇక్కడే ఉంది. వేరే పుంజుతో తిరిగిన పెట్టను తెచ్చి, జాతి పుంజుతో కలిపి వారంలోనే గుడ్లు పొదగేస్తే, పిల్లలు ఏ పుంజువో చెప్పలేం. పెట్టను మూడు వారాలకు తగ్గకుండా విడిగా ఉంచి, తర్వాతే కలపాలి.

సూది నాడు చేయవలసినవి, చేయకూడనివి

పశువును ఎండలో మైళ్ల దూరం నడిపించి, వెంటనే కొయ్యల మధ్య నిలబెట్టి, కొట్టి, బెదిరించి సూది వేయిస్తే నష్టం. బెదిరిన పశువు ఒంట్లో పుట్టే హార్మోను గర్భసంచి కదలికను అణిచివేస్తుంది. కణాలను పైకి చేర్చవలసిన ఆ కదలికే ఆగితే ప్రయాణం కుంటుపడుతుంది. ముందుగా నీడలో కట్టి, నీళ్లు పెట్టి, కుదుట పడనివ్వాలి. తిరిగి వచ్చాక కూడా చల్లని చోట కట్టాలి. ఆ పూట పొలం పనికి, దూరపు మేతకు తోలరాదు.

సూది వేయగానే పశువును పడుకోనివ్వకూడదని కొందరు రాత్రంతా నిలబెట్టి ఉంచుతారు. ఇది వృథా శ్రమ. కణాలు నిలిచేది గర్భసంచి ముడతల్లో, అండవాహిక గోడల మీద. పశువు పడుకుంటే ఒలికిపోయే కుండలో నీళ్లు కావవి.

నత్రజని నుంచి తీసిన నాళికను 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచి, ఆలస్యం లేకుండా వేయాలి. చొక్కా జేబులో పెట్టుకుని, అరచేతుల మధ్య రుద్ది కరిగించడం తగదు. రైతు దీన్ని పక్కన నిలబడి చూడవచ్చు, అడగవచ్చు. అది అతని హక్కు.

ఎద కనిపించిన వేళ, సూది వేసిన వేళ రెండూ గోడ మీద క్యాలెండర్లో రాసి ఉంచాలి. పద్దెనిమిదో రోజు నుంచి ఇరవై నాలుగో రోజు వరకు మళ్లీ ఎదకు వస్తుందేమో కనిపెట్టాలి. రాకపోతే చూడి కట్టిందని ధీమా పడకుండా రెండు మూడు నెలలకు పరీక్ష చేయించాలి. మూగ ఎద గేదెల్లో ఈ పరీక్ష తప్పనిసరి. వేళ తప్పకుండా మూడుసార్లు వేయించినా కట్టకపోతే అప్పుడు పశువైద్యుడికి గర్భసంచి చూపించాలి. సంతకు తోలడం ఆ తర్వాతి మాట.

కేంద్రాల వేళలు

ఇంతా తెలిసిన రైతుకు కూడా ఒక చిక్కు మిగులుతుంది. పశువు ఎదకు గడియారం లేదు. తెల్లవారుజామున ఎద కనిపించిన గేదెకు సూది వేయవలసింది సాయంత్రం. సాయంత్రం కేంద్రం మూసి ఉంటే రైతు ఏం చేయాలి? మరునాడు పండుగో, ఆదివారమో అయితే? గత్యంతరం లేక ఉదయమే తొందరపడి వేయిస్తాడు, లేకపోతే ఒక రోజు ఆలస్యంగా వేయిస్తాడు. రెండింటిలో ఏదైనా పోయేది మూడు వారాలు.

గోపాలమిత్రల వంటి వారు ఇంటి దగ్గరకే వచ్చి సూది వేసే ఊళ్లలో ఈ బాధ కొంత తక్కువ. అలాంటివారు లేని ఊళ్లలో, కేంద్రానికి ఐదారు కిలోమీటర్లు నడవవలసిన ఊళ్లలో రైతు పూర్తిగా కేంద్రం తలుపు తెరిచే వేళ మీదే ఆధారపడి ఉన్నాడు. ఎంత మేలు జాతి వీర్యం తెప్పించినా, ఎన్ని కోట్ల కణాలు నాళికలో ఉన్నా, అండం దిగే వేళకు అవి లోపల సిద్ధంగా లేకపోతే ఆ ఖర్చంతా నేల పాలే.

కనుక సాయంత్రం పూట, సెలవు రోజుల్లో కూడా సూది వేసేవారు అందుబాటులో ఉండేలా ఏర్పాటు చేయాలని, వారి ఫోను నంబరు కేంద్రం తలుపు మీద, పాల సేకరణ కేంద్రాల గోడల మీద రాయించాలని పాడి రైతులు కోరుతున్నారు. పశుసంవర్ధక శాఖ అధికారులు దీన్ని పట్టించుకోవాలి. ఈలోగా రైతులు తాము చేయగలిగింది చేయాలి. కొట్టంలో పొద్దున, రాత్రి ఒక చూపు, క్యాలెండర్ మీద రెండు అంకెలు. సంతకు పోవలసిన గేదెల్లో కొన్నయినా వీటితో ఇంటి దగ్గరే ఈనుతాయి.